బ్రేకులు మిగిల్చిన గాలి

పంచరు షాపు ముందు కంప్రెసర్ ఇప్పుడు ప్రతి ఊరి మొదట్లోనూ కనపడుతుంది. 1980ల్లో మా వత్సవాయి వైపు అట్లా లేదు. సైకిలు షాపులో చేతిపంపు ఉండేది, సైకిలుకైతే అది చాలు. ఎడ్లబండ్లకు కర్ర చక్రాలు పోయి రబ్బరు టైర్లొచ్చాక, ఊళ్లోకి ట్రాక్టర్లు దిగాక, ఆ పంపు దేనికీ సరిపోలేదు. గాలి కావాలంటే జగ్గయ్యపేటన్నా పోవాలి, హైవే మీద చిల్లకల్లన్నా పోవాలి. గాలి దిగిన టైరుతో అంత దూరం బండి తోలితే ట్యూబు నలిగి ముక్కలవుతుంది. అందుకని జనం లారీ ఉన్న ఇంటికి వచ్చేవాళ్లు. మా ఇంటి ముందు వేపచెట్టు కింద లారీ ఉందంటే ఊళ్లో గాలి ఉన్నట్టు. లారీ లోడుకు పోయిందంటే లేనట్టు.

నాన్న చాలాసార్లు తెల్లవారుజామున ఇల్లు చేరేవాడు. పొద్దెక్కేసరికి బండి టైరు దొర్లించుకుంటూ ఒకరు, ట్రాక్టరు ట్రక్కు చక్రం ఎడ్లబండి మీద వేసుకుని ఇంకొకరు వచ్చేవాళ్లు. “అన్నాయ్ పడుకున్నాడా వదినా? లేచినాక కాస్త గాలి పట్టించుకుని పోతా” అని అమ్మను అడిగి అరుగు మీద కూర్చునేవాళ్లు. నాన్నను మాత్రం ఎవరూ లేపేవాళ్లు కాదు. రాత్రంతా స్టీరింగు పట్టిన మనిషి నిద్రకు ఆ మర్యాద ఉండేది. కూర్చున్నవాళ్లకు అమ్మ మజ్జిగ ఇచ్చేది. మిరప ధర, వాన కబురు, సాగర్ ఎడమ కాలవలో నీళ్లు ఎప్పుడు వదులుతారన్న వాదన అన్నీ ఆ అరుగు మీదే నడిచేవి.

ఆ గాలి బ్రేకులది. ఈ మాట ముందే చెప్పుకోవాలి. పది టన్నుల బరువుతో పోయే బండిని మనిషి కాలి బలం ఒక్కటే ఆపలేదు. అందుకే ఇంజను పక్కన చిన్న కంప్రెసర్ ఉంటుంది. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరుగుతూ ఛాసిస్ కింద బిగించిన ట్యాంకుల్లోకి గాలి తోస్తుంటుంది. డ్రైవరు పెడల్ తొక్కితే ఆ గాలే పోయి బ్రేకు పట్టిస్తుంది. ట్యాంకు గాలి ఏడు కేజీలు దాటిందంటే గవర్నర్ అనే వాల్వు ‘చుస్సు’మని తెరుచుకుంటుంది. డ్రైవర్లు కేజీ అనేది చదరపు సెంటీమీటరు మీద పడే ఒత్తిడిని. టైర్ల షాపువాళ్ల లెక్కలో అది పద్నాలుగు పౌన్లకు కాస్త పైన. ట్యాంకు నిండినంత మాత్రాన కంప్రెసర్ తిరగడం ఆగదు. అక్కణ్నుంచి అది తోసిన గాలంతా రోడ్డుపాలే. మా ఊరు వాడుకున్నది ఆ రోడ్డుపాలయ్యే గాలిని.

ఇదేదో డ్రైవర్లు దొంగతనంగా చేసుకున్న ఏర్పాటు కాదు. చాలా లారీల్లో గవర్నర్ వాల్వుకే టైర్లకు గాలి పట్టుకునే మూతి ఒకటి కంపెనీయే పెట్టి ఇచ్చేది. రెక్కల మూత తిప్పి తీసి హోసు పైపు బిగిస్తే గాలి పైపులోకి వచ్చేది. మా లారీలో సీటు కింద ఆ పైపు చుట్ట ఎప్పుడూ ఉండేది. జాకీ మరిచిపోయిన రోజు ఉందేమో గాని పైపు లేకుండా నాన్న బండి తీయలేదు.

మాది ముక్కు ముందుకున్న టాటా. టాటాల టెల్కో వాళ్లు 1954లో జర్మనీలోని డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టారు. ఆ పొత్తు 1969తో అయిపోయి, మూతి మీది మూడు రెక్కల నక్షత్రం పోయినా, మా వైపు పెద్దవాళ్లు టాటా లారీని చాలాకాలం ‘బెంజి లారీ’ అనే అన్నారు. గాలి బ్రేకు అసలు రైళ్ల కోసం పుట్టింది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో చేశాడు. మా మండలంలోని మోటుమర్రి మీదుగా పోయే రైళ్లకు నా చిన్నతనంలో ఇంకా వాక్యూమ్ బ్రేకులే ఎక్కువ. అంటే గాలిని తోయడం బదులు పైపులోంచి పీల్చేయడం. స్టేషన్లో గూడ్సు ఆగినప్పుడు నాన్న రెండు పెట్టెల మధ్య వేలాడే లావు పైపు చూపించి, “దీంట్లోంచి మనం సైకిలుక్కూడా గాలి పట్టలేం” అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో బ్రేకు పని నేర్చుకునేటప్పుడు అర్థమైంది. లారీల బ్రేకు సామాను మీద అక్కడ ఎక్కువగా కనిపించిన పేరు సుందరం-క్లేటన్. మద్రాసు పక్కన పాడిలో 1962లో ఇంగ్లండు క్లేటన్ డీవాండర్ సాయంతో మొదలైన కంపెనీ అది.

పెదనాన్న అంతకుముందు తరం డ్రైవరు, పెట్రోలు లారీలు నడిపినవాడు. ఆ బండ్లకు కంప్రెసర్ ఉండేది కాదు. ఇంజను ప్లగ్గు ఒకటి విప్పి, ఆ కన్నంలో చిన్న పంపు బిగించి, మిగిలిన సిలిండర్ల మీద ఇంజను తిప్పుతూ టైరుకు గాలి పట్టేవాళ్లట. ఇంజను కుంటుకుంటూ కొట్టుకునే ఆ చప్పుడును నోటితో చేసి చూపించేవాడు. డీజిలు బండికి ట్యాంకు నిండా గాలి ఉండటం ఆయన కంటికి జమీందారీ.

క్లీనరు పని నేను వేసవి సెలవుల్లో నేర్చుకున్నాను. లారీ గాలితో చేసే పనులన్నిట్లోకీ పెద్దది రోడ్డు మీద టైరు విప్పి బిగించడం. 900-20 టైరు పేలితే స్టెప్నీ మార్చుకుని పోవచ్చు. స్టెప్నీ కూడా పోయినప్పుడే అసలు పని. ముందు వెనక చక్రాలకు రాళ్లు పెట్టాలి. స్ప్రింగు బ్రేకులు లేని రోజులు, గాలి దిగితే బండిని పట్టి ఉంచేది హ్యాండ్‌బ్రేకు, ఆ రాళ్లే. దూరంగా రోడ్డు మీద ఆకుల కొమ్మ ఒకటి విరిచి వేయాలి, వెనకొచ్చే బండ్లకు గుర్తుగా. వీల్ స్పానరుకు ఇనప గొట్టం తొడిగి, దాని చివర నిలబడి ఊగితే గాని నట్టు కదలదు. టైరు పడుకోబెట్టి, వాల్వు పిన్ను తీసి గాలంతా పోయిందని చేత్తో చూసుకుని, టైరును రిమ్ము మీద పట్టి ఉంచే లాక్ రింగును రాడ్లతో లేపాలి. తర్వాత ఫ్లాపు, ఆ తర్వాత ట్యూబు. ట్యూబులోకి కొంచెం గాలి వదిలి, చెంప దగ్గర పెట్టుకుని తిప్పితే కన్నం ఎక్కడుందో చర్మానికి తెలుస్తుంది. ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఓపిక పట్టి ప్యాచి వేయాలి. కొత్త క్లీనర్లు తడబడేది అక్కడే, ఆరకముందే అతికిస్తారు.

టైరు మళ్లీ కూర్చాక నాన్న ఎవరి మాటా వినేవాడు కాదు. లాక్ రింగున్న వైపు నేలకు తిప్పి, రిమ్ముకూ టైరుకూ కలిపి గొలుసు చుట్టి, మమ్మల్నందరినీ దూరంగా పంపి, ఆ తర్వాతే గాలి తెరిచేవాడు. రింగు గాడిలో సరిగా కూర్చోకపోతే గాలి నిండుతుండగా ఎగిరి వస్తుంది. ఆ దెబ్బకు ప్రాణాలు పోయిన క్లీనర్ల సంగతి హైవే మీద ప్రతి టీ బడ్డీలోనూ చెప్పుకునేవాళ్లు. అది కట్టుకథ కాదు. నేను ఆటోనగర్‌లో పనిచేసే రోజుల్లో టైర్ల షాపుల్లో చెయ్యి పోయినవాళ్లను చూశాను. టైరు ముందు నిలబడి గాలి పట్టేవాణ్ని చూస్తే ఇప్పటికీ నా కాళ్లు ఆగవు, పోయి పక్కకు జరపాల్సిందే.

ఆ టైరులో గాలి నిండటానికి పావుగంట పట్టేది. సీటుకూ యాక్సిలేటర్‌కూ మధ్య కర్ర పోటు పెట్టి ఇంజను కాస్త లేపి ఉంచేవాళ్లం. లెక్క వేసి చూడండి. టైరు కడుపు నూట ముప్పై లీటర్లనుకున్నా, అందులో ఏడు కేజీలకు గాలి కుక్కాలంటే బయటి గాలి తొమ్మిది వందల లీటర్లు తోయాలి. ఆనాటి చిన్న కంప్రెసర్ నిమిషానికి తోసేది నూటికి పైన, రెండు వందలకు లోపు. అదీ ఒత్తిడి పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. పాలేరు వంతెన దగ్గరో కీసర దగ్గరో ఆ పావుగంటలోనే మేం సద్ది విప్పుకుని తినేవాళ్లం. వెనకొచ్చిన లారీ ఏదైనా మన కంప్రెసర్ పాడైందని తెలిస్తే ఆగి తన పైపు ఇచ్చేది. పైపుకు రెండు కొసలా మూతులుంటే ఇంకో ఉపాయం ఉంది, నిండుగా ఉన్న టైరులోంచి ఖాళీ టైరులోకి గాలి మళ్లించడం. రెండూ సగం సగం అవుతాయి, నెమ్మదిగా ఊరు చేరొచ్చు.

ఊళ్లో గాలి అడిగినవాళ్లందరికీ ఇంత అవసరం లేదు. ఎడ్లబండి టైరుకు, ట్రక్కు టైరుకు లారీ టైరులో సగం కూడా అక్కర్లేదు. ట్యాంకులో ఉన్నదే చాలావరకు సరిపోయేది. సైకిలువాళ్లకు నాన్న ఇచ్చేవాడు కాదు. ఆ పైపులో వచ్చే జోరుకు సన్నటి ట్యూబు రెప్పపాటులో పేలుతుంది. పిల్లలం మాత్రం ఆయన స్నానానికి పోయిన సమయం చూసి వాలీబాల్ తెచ్చేవాళ్లం. సూది పెట్టి, పైపును మడిచి పట్టుకుని, ఊపిరంత గాలి వదిలేవాళ్లం. హైస్కూలు పిల్లలకు బంతి కొనడమే కష్టమైన రోజులు, పేలిపోతే ఆ ఏటికి ఆట లేదు. అందుకని ఆ పైపు మడత పట్టే పని నమ్మకస్తుడికే ఇచ్చేవాళ్లు.

మిరప కాలం వేరు. ఫిబ్రవరి నుంచి మా వైపు కల్లాలన్నీ ఎర్రబడతాయి. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, లోడు చేసుకుని గుంటూరు యార్డుకు రాత్రిపూట పోయేవాళ్లం. దించి తిరిగొచ్చాక క్యాబిన్‌లో, బాడీ చెక్కల సందుల్లో, సీటు కింద అంతా మిరప పొడే. చీపురుతో ఊడిస్తే అది లేచి కళ్లలో పడుతుంది, నీళ్లు పోస్తే చెక్కల్లోకి దిగుతుంది. దానికి గాలి తప్ప మందు లేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, గాలి వాలు చూసుకుని, పైపు మూతికి సన్నటి ఇత్తడి నాజిల్ పెట్టి కొట్టేవాళ్లం. వీధి వీధంతా తుమ్మేది. ఎదురింటి మామ్మ ముందే తలుపులు మూసుకుని, “అయిపోయినాక చెప్పండర్రా” అని లోపలినుంచి కేకేసేది. పత్తి కాలమైతే రేడియేటర్ నిండా దూది. దాన్ని ఇంజను వైపు నుంచి బయటికి కొట్టాలి. ముందునుంచి కొడితే ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది. ఎయిర్ క్లీనరు, ఆయిలింజన్ల నాజిళ్లు, చెత్త అడ్డం పడ్డ స్ప్రేయర్ల గొట్టాలు కూడా వచ్చేవి. పొలంలో మోటారు ఆగిందంటే రైతు మెకానిక్ దగ్గరికి పోయేముందు మా లారీ దగ్గరికి వచ్చేవాడు. సగం రోగాలు గాలితోనే నయమయ్యేవి.

ఒళ్లు దులుపుకోవడానికి మాత్రం పైపు ముట్టుకోనిచ్చేవాడు కాదు నాన్న. చెమటకు అతుక్కున్న నూగును గాలితో కొట్టుకుంటే హాయిగా ఉంటుందని కూలీలకు మోజు. దగ్గరగా పెడితే ఆ జోరు చర్మంలోంచి లోపలికి పోతుంది, చెవి దగ్గర పెడితే చెవి పోతుంది. వేళాకోళానికి ఒకరి మీద ఒకరు పైపు తిప్పుకుంటే చెంప దెబ్బే. ఆయన మమ్మల్ని కొట్టిన కారణాల్లో ఇది ఒకటి. పెద్దయ్యాక వర్కుషాపుల్లో ఆ వేళాకోళం ఎంత దూరం పోతుందో తెలిశాక, ఆ దెబ్బలు ఇంకో రెండు కొట్టి ఉన్నా తప్పులేదనిపించింది.

లారీ గాలితో రంగు వేయడం నాకు అన్నిటికన్నా ఇష్టంగా ఉండేది. ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర పడితే బాడీకి రంగు పడాలి. విజయవాడలో షెడ్డులో పెడితే రోజులు పోతాయి, కిరాయి పోతుంది. జగ్గయ్యపేట నుంచి పెయింటరును పిలిపించేవాళ్లం. ఆ ఊళ్లో రంగుల పనివాళ్లకు పేరుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి విగ్రహాలను రంగులకు తీసుకొచ్చేది జగ్గయ్యపేటకే. మా పెయింటరు తన స్ప్రే గన్ను ఒక్కటే సంచిలో పెట్టుకుని బస్సు దిగేవాడు. కంప్రెసర్ మాది. లారీ రంగు లారీ గాలితోనే పడేది.

స్ప్రే గన్నుకు జోరు ఎక్కువ అక్కర్లేదు, రెండున్నర మూడు కేజీలు చాలు. కాని ఆగకుండా రావాలి, నీటి చుక్క రాకూడదు. గాలిని నొక్కేకొద్దీ అందులోని తేమ ట్యాంకు అడుగున నీళ్లుగా దిగుతుంది, దాంతోపాటు కంప్రెసర్ ఆయిలు కూడా. రోజూ పొద్దున్నే ట్యాంకు కింద తాడు లాగి ఆ నీళ్లు వదలడం క్లీనరు మొదటి పని. పెయింటింగు రోజు గంటగంటకూ వదిలేవాళ్లం. అయినా వానకాలం చుక్కలు పడేవి, పడ్డచోట రంగు గుంటలు కట్టేది. అందుకని మా పెయింటరు ఒక సీసాలాంటి ఇనప డబ్బా చేయించాడు. పైపు దాంట్లోకి కిందనుంచి పోయి పైనుంచి వస్తుంది, నీళ్లు అడుగున ఆగిపోతాయి. తర్వాత కొన్నేళ్లకు ఆటోనగర్‌లో కంపెనీ వాటర్ సెపరేటర్ చూసి నేను ఆశ్చర్యపోలేదు. అదే డబ్బా, కాస్త నున్నగా ఉంది. బాడీకి రంగు ఆరుతుండగా ఎద్దుల బండి చక్రాల పట్టీలకు, ఇంటి కిటికీ ఊచలకు కూడా మిగిలిన రంగు కొట్టించుకుపోయేవాళ్లు ఇరుగుపొరుగు. వీధిలో చాలా కిటికీలు మా లారీ రంగులోనే ఉండేవి.

నాన్న ఒప్పుకోని పని ఒకటుంది. మెట్ట ఊళ్లు కదా, బావి తవ్వితే కొంత దిగాక రాయి తగులుతుంది. ట్రాక్టరు వెనక పెద్ద కంప్రెసర్ కట్టుకుని తిరిగే డ్రిల్లింగు వాళ్లు వచ్చి, బావిలోకి దిగి, రాతికి బెజ్జాలు వేసి తూటాలు పేల్చేవాళ్లు. వాళ్లకు అడుక్కింత అని ఇవ్వాలి. ఒక రైతు డ్రిల్లు మిషను ఒక్కటీ ఎక్కడో సంపాదించుకుని వచ్చి, “మీ లారీకి తగిలిద్దాం మామా, గాలి ఏడు కేజీలు వస్తుందిగా, వాళ్లదీ అంతే గదా” అన్నాడు. మాటలో తప్పు లేదు, ఒత్తిడి ఇంచుమించు ఒకటే. నాన్న అన్నాడు: “సన్నటి బోరు ఎంత ఎత్తుకు చిమ్మినా ఎకరం తడవదు.” రాతి డ్రిల్లు నిమిషానికి రెండు మూడు వేల లీటర్ల గాలి మింగుతుంది. లారీ కంప్రెసర్ ఇచ్చేది అందులో పదో వంతు కూడా ఉండదు. తగిలిస్తే నాలుగు దెబ్బలు కొట్టి ఆగిపోతుంది. జోరు వేరు, రాశి వేరు. పుస్తకం చదవని డ్రైవర్లకు కూడా ఆ రోజుల్లో ఈ తేడా గేజీ ముల్లు నడకను బట్టి తెలిసేది. ముల్లు ఎంత పైకి పోయిందన్నది ఎవరైనా చూస్తారు. ఎంత తొందరగా దిగుతోంది, ఎంత నెమ్మదిగా ఎక్కుతోంది అన్నది డ్రైవరు చూసేవాడు.

ఊరికి గాలి ఇచ్చినంతసేపూ ఆయన కన్ను ముల్లు మీదే. అయిదు కేజీల కిందికి దిగితే పైపు మూసేయాల్సిందే, చక్రం సగం నిండినా సరే. మళ్లీ ఏడుకు ఎక్కాకే తెరిచేది. అందరూ పోయాక బండిని నాలుగడుగులు ముందుకు తీసి బ్రేకు తొక్కి చూసేవాడు. ఇంజను ఆపి, పెడల్ తొక్కిపట్టి, ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో చెవొగ్గి వినేవాడు. ఎక్కడన్నా ‘స్’ అన్నదంటే సబ్బు నీళ్లు తెచ్చి జాయింట్లన్నిటికీ రాయించేవాడు. రెక్కల మూత సరిగా బిగించారా అని స్వయంగా తడిమి చూసేవాడు. ఎయిర్ హారన్ పెట్టించుకోమని కుర్ర డ్రైవర్లు ఎంత చెప్పినా వినలేదు. రాగాలు తీసే హారన్లను 1989 మోటారు వాహనాల నియమాలు వద్దన్నాయి, కాని ఆయన కారణం అది కాదు. అంత గాలి పాటకు పోతే బ్రేకుకు ఏం మిగులుతుందన్నది ఆయన మాట.

గాలికి డబ్బు తీసుకోవడం మా ఇంట్లో లేదు. డీజిలు ఖర్చవుతుంది, నిజమే. అరగంట ఇంజను తిరిగితే ఎంతో కొంత కాలుతుంది. ఆ లెక్క వేరే రూపంలో తీరేది. కంది కోసినప్పుడు ఒకరు, మిరప కోసినప్పుడు ఒకరు, వేసవిలో మామిడికాయలు ఇంకొకరు తెచ్చి అరుగు మీద పెట్టిపోయేవాళ్లు. ఎవరు ఎందుకు పెట్టారో చెప్పేవాళ్లు కాదు, అమ్మ అడిగేది కాదు. లారీ వల్ల మాకు ఊళ్లో వచ్చిన గౌరవం కిరాయిల వల్ల వచ్చింది కాదని నా నమ్మకం. కిరాయిలు ఏనాడూ నిలకడగా లేవు. విజయవాడలో కృష్ణా జిల్లా లారీ ఓనర్ల సంఘం ఎంత పెద్దదైనా, ఒక్క బండి ఉన్న ఓనరు బతుకు ఫైనాన్స్ కిస్తీ చుట్టూనే తిరిగింది.

ఆటోనగర్‌లో పనిలో కుదురుకున్నాక నేను సెకండ్‌హ్యాండ్‌లో నట్లు విప్పే గాలి గన్ను ఒకటి కొన్నాను. లారీ చక్రాలకు వాడే పెద్దది. నాన్న ఇక గొట్టం చివర ఊగక్కర్లేదన్న సంబరంతో ఊరికి తెచ్చి ట్యాంకుకు తగిలించాను. మొదటి నట్టు గిర్రున ఊడింది. రెండోదీ ఊడింది. మూడోదానికి గన్ను మూలిగింది, ముల్లు అయిదు దగ్గరుంది. ట్యాంకు అరవై లీటర్లదనుకుంటే, ఏడు నుంచి అయిదుకు దిగేలోపు దొరికేది నూట ఇరవై లీటర్ల గాలి. పెద్ద గన్ను తిరిగేటప్పుడు సెకనుకు ఇరవై లీటర్లు తింటుంది. అంటే అయిదారు సెకన్ల సరుకు. మళ్లీ నింపుకోవడానికి నిమిషం. నాన్న ముల్లు వంక చూసి, నా వంక చూసి, “బాగుంది రా. బిగుసుకుపోయిన నట్టుకు దీన్ని పెట్టుకుందాం, వదులైనవి చేత్తో తీసుకుందాం” అన్నాడు. అప్పటినుంచి అట్లాగే వాడాం. రోడ్డు మీద తుప్పు పట్టిన నట్టుతో పోరాడటం పోయింది, బ్రేకు గాలి జోలికి పోయిందీ లేదు.

ఇదంతా ఎప్పుడు పోయిందంటే ఒక తారీకు చెప్పలేను. కొంత పోయింది కరెంటు వల్ల. 1990ల్లో ఊళ్లోనే పంచరు షాపులో మోటారు కంప్రెసర్ వచ్చింది, అరుగు మీద కూర్చునేవాళ్లు తగ్గారు. కొంత పోయింది రోడ్డు వల్ల. తొమ్మిదో నంబరు హైవే అరవై అయిదో నంబరు అయింది. 2012 నాటికి నాలుగు వరసలైంది, చిల్లకల్లు దగ్గర టోల్ గేటు లేచింది. అడుగడుగునా టైర్ల షాపులు. లాక్ రింగుల బదులు ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాయి, అందుకు నాకు సంతోషమే. లారీలు కూడా మారాయి. ఇప్పుడు ట్యాంకుల ముందు ఎయిర్ డ్రయ్యర్ ఉంటుంది, నీళ్లు చాలావరకు అక్కడే పోతాయి. నాలుగు దారుల రక్షణ వాల్వు ఉంటుంది, ఒక దారిలో గాలి పోయినా మిగతా దార్లలో బ్రేకు నిలుస్తుంది. గాలి తగ్గితే స్ప్రింగులు చక్రాలను వాటంతటవే పట్టేస్తాయి, రాయి మీదే ఆధారపడే పని లేదు. నాన్న ముల్లు చూస్తూ కాపాడిన హద్దును ఇప్పుడు వాల్వు కాపాడుతోంది. నిద్రమత్తులో ఉన్న డ్రైవరును కూడా అది కాపాడుతుంది. ఆ పాత రోజులు తిరిగి రావాలని నేను కోరను. పోయినదాంట్లో నాకు బాధ కలిగించేది ఒకటే, ఇప్పటి డ్రైవరుకు తన బండి గాలితో పరిచయం లేదు. కంపెనీ బండి, కంపెనీ టైరు, ఫోను చేస్తే వచ్చే వ్యాను.

లారీ మీది గాలి మా తాలూకాలో ఇంకో రూపంలో బాగా పెరిగింది. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి వచ్చే బల్కర్లు చూడండి. బస్తాలు లేని విడి సిమెంటును ఆ ట్యాంకర్లలో నింపి పంపుతారు. దించేచోట బండి మీదున్న పెద్ద కంప్రెసర్ రెండు కేజీలకు లోపు ఒత్తిడితోనే సిమెంటును గాలిలో తేలేట్టు చేసి, పైపు గుండా ఎత్తయిన సైలోలోకి ఎక్కిస్తుంది. జోరు తక్కువ, రాశి ఎక్కువ. బ్రేకు ట్యాంకుకు సరిగ్గా తిరగబడ్డ లెక్క. వంద మంది హమాలీల పని గంటలో అవుతుంది. ఆ కంప్రెసర్‌కూ బ్రేకు కంప్రెసర్‌కూ సంబంధం లేదు. ఉండకూడదు కూడా.

ఈమధ్య మా మేనల్లుడు టిప్పరు కొన్నాడు. క్వారీ లోపల టైరు పోతే షాపువాళ్లు రావడం లేదని, గాలి గన్ను పెట్టుకుందామని ఉందని అడిగాడు. “బ్రేకు ట్యాంకుకు టీ జాయింటు వేయిద్దామా మావయ్యా?” అన్నాడు. వద్దన్నాను. రక్షణ వాల్వు దాటాక హారన్‌కూ క్లచ్చుకూ పోయే నాలుగో దారి ఉంటుంది, తీసుకుంటే అక్కణ్నుంచి తీసుకోవాలి. అదీ నేరుగా గన్నుకు కాదు. మధ్యలో వేరే ట్యాంకు ఒకటి కట్టాలి, దాని ముందు ఆరు కేజీలు దాటితేనే తెరుచుకుని, గాలిని వెనక్కు రానివ్వని వాల్వు పెట్టాలి. అప్పుడు గన్ను ఎంత తిన్నా బ్రేకు గాలి కదలదు. ట్యాంకు కింద నీళ్లు వదిలే కాక్, గన్నుకు ముందు ఆయిలు చుక్క వేసే సీసా కూడా కావాలి. లేకపోతే లోపలి రెక్కలు తుప్పు పట్టి అరిగిపోతాయి.

“అసలు మన కంప్రెసర్ ఎంత ఇస్తుంది?” అన్నాడు. కాగితాలు వెతకొద్దని చెప్పి బండి స్టార్టు చేయించాను. ట్యాంకుల మీద రాసున్న లీటర్లన్నీ కూడితే ఎనభై. చక్రాలకు అడ్డాలు పెట్టి, పెడల్ తొక్కి తొక్కి ముల్లును అయిదుకు దించాం. ఇంజను పదిహేను వందల మీద నిలిపి, ముల్లు ఏడుకు ఎక్కేదాకా గడియారం చూశాం. ముప్పై అయిదు సెకన్లు. ఎనభై లీటర్లు, రెండు కేజీలు, అంటే నూట అరవై. నిమిషానికి రెండు వందల డెబ్బై పైన. నాన్న లారీ కంప్రెసర్ కన్నా నయం. గ్రీజు గన్నుకు, రేడియేటర్ కొట్టుకోవడానికి, చిన్న స్ప్రే గన్నుకు ధారాళంగా సరిపోతుంది. పెద్ద గన్నుకైతే ఆగి ఆగి వాడుకోవాలి. ఇద్దరం కలిసి బండి కిందికి దూరి టేపు పెట్టి కొలిచాం. డీజిల్ ట్యాంకు వెనక, కుడివైపు ఛాసిస్‌కు నలభై లీటర్ల ట్యాంకు పట్టే జాగా ఉంది. బ్రాకెట్ కొలతలు వాడు ఫోన్లో రాసుకున్నాడు. వచ్చే ఆదివారం ఆటోనగర్ పోతున్నాం.